నల్ల కుచ్చులు ఒక వైపు, జిగురు పాచి ఇంకో వైపు: మొక్కల ట్యాంకులో నీళ్లు ఎలా తిరగాలి

హైదరాబాద్‌లోని నిజాంపేట నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది. 3 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తున్న మొక్కల ట్యాంక్. గంటకు 1,000 లీటర్లని డబ్బా మీద రాసి ఉన్న కానిస్టర్ ఫిల్టర్ (ట్యాంక్ బయట ఉండి, పైపులతో నీళ్లు లాగి వడకట్టి తిప్పి పంపే డబ్బా), మొక్కల కోసం సిలిండర్‌తో సీఓటూ (కార్బన్ డయాక్సైడ్), రోజుకు 10 గంటల లైటు. ఎడమ వైపు నీళ్లు బయటికొచ్చే పైపు మీద, పక్కనే ఉన్న అనుబియాస్ ఆకుల అంచుల మీద నల్లటి కుచ్చులు పట్టాయి. కుడి వైపు వెనక మూలలో మట్టి మీద నీలం కలిసిన ఆకుపచ్చ జిగురు పొర పరుచుకుంది, కదిపితే మురుగు వాసన వస్తోంది. మునిసిపల్ నీళ్లు, బోరు నీళ్లు ఏవి దొరికితే అవి పోస్తున్నారు. వేవ్ మేకర్ (ట్యాంక్ లోపల నీళ్లను తోసే చిన్న పంపు) కొనాలా, ఆల్గే మందు వెయ్యాలా అన్నది అడిగిన విషయం.

ప్రస్తుతానికి రెండూ వద్దండి. మీరిచ్చిన వివరాల్లో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఏ నాచు ఎక్కడ పట్టిందో చెప్పిన ఆ రెండు వాక్యాలే. నల్ల కుచ్చులు ఎర్ర ఆల్గే జాతివి. వీటి బంధువులు ప్రకృతిలో పారే వాగుల్లో, రాళ్లను పట్టుకుని బతుకుతాయి. నీళ్లు గట్టిగా తగిలే చోటంటే వాటికి ఇష్టం, దానికి తోడు సీఓటూ ఒక గంట ఎక్కువ, ఒక గంట తక్కువగా ఉంటే ఇక ఆపలేం. జిగురు పొర అసలు ఆల్గే కాదు, సయానోబాక్టీరియా. నీళ్లు కదలని చోట, చెత్త పేరుకున్న చోట, నైట్రేట్ అడుగంటిన చోట అది పరుచుకుంటుంది. ఒకే ట్యాంకులో ఒక కొసన మొదటిది, ఇంకో కొసన రెండోది ఉన్నాయంటే, పంపు బలం చాలకపోవడం కన్నా ఉన్న బలమంతా ఒకే చోట ఖర్చయిపోవడమే పెద్ద కారణం. ఈ స్థితిలో వేవ్ మేకర్ పెడితే నల్ల కుచ్చులకు మేత వేసినట్టే.

మొక్కల ట్యాంకులో ప్రవాహం ఎందుకంటే, చెత్తను ఫిల్టర్‌కి చేర్చడానికే అనుకుంటాం. అసలు పని అంతకన్నా పెద్దది. నీళ్లలో సీఓటూ తనంతట తాను వ్యాపించే వేగం గాలిలో కన్నా దాదాపు 10,000 రెట్లు తక్కువ. ప్రతి ఆకు చుట్టూ కదలని నీటి పొర ఒకటి పలచగా అతుక్కుని ఉంటుంది. లైటు పడగానే ఆకు ఆ పొరలో ఉన్న సీఓటూని వాడేసుకుంటుంది, కొత్తది రావాలంటే పక్కన నీళ్లు కదలాలి. కదలకపోతే ట్యాంకులో 30 పీపీఎం (లీటరుకి 30 మి.గ్రా.) ఉన్నా ఆ ఆకు పస్తే. పస్తున్న ఆకు నీరసించి తనలోని పదార్థాలను బయటికి వదులుతుంది, నాచు మొలకెత్తేది అక్కడే. కాబట్టి ఆకులు గాలికి కొట్టుకునే జెండాల్లా ఊగనక్కర్లేదు. ట్యాంకులో ప్రతి మొక్క, వెనక మూలల్లోవి కూడా, నెమ్మదిగా కదులుతుంటే చాలు.

ముందు మీ ఫిల్టర్ నిజంగా ఎంత తోస్తోందో కొలవండి. డబ్బా మీది అంకె లోపల ఏమీ లేకుండా ఖాళీ పంపుకి వేసిన లెక్క. స్పాంజీలు, సిరామిక్ రింగులు నింపి, పైపులు తగిలించాక అది సగానికి పడిపోవడం మామూలే. ట్యాంక్ పక్కన స్టూల్ మీద 10 లీటర్ల బకెట్ పెట్టి, బయటికొచ్చే పైపు కొసను ట్యాంకులో నీళ్లున్న ఎత్తులోనే పట్టుకుని బకెట్ నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. పైపును కిందికి దించితే లెక్క ఎక్కువ వస్తుంది, అది నమ్మకండి. 36,000ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో తెలుస్తుంది. 60 సెకన్లు పడితే 600 లీటర్లు, 90 పడితే 400. మీ ట్యాంక్ అంచు దాకా 190 లీటర్లు పట్టినా, మట్టి, రాళ్లు, పైన వదిలిన ఖాళీ పోను నీళ్లు 150 లీటర్లే ఉంటాయి. కొలిస్తే 600 పైన వచ్చిందా, మీకు పంపు చాలు. 400 కన్నా తక్కువైతే ముందు శుభ్రం చెయ్యాలి.

శుభ్రం చెయ్యడమంటే అందరూ స్పాంజీ పిండి ఊరుకుంటారు. ప్రవాహాన్ని మింగేది చాలాసార్లు పైపుల లోపలి జిగట. 16 మి.మీ. పైపులో రెండు మి.మీ. మందాన గోధుమరంగు పొర చుట్టూ పేరుకుంటే నీళ్లు పోయే దారి బాగా ఇరుకైపోతుంది. పొడవాటి స్ప్రింగ్ బ్రష్ అక్వేరియం షాపుల్లో దొరుకుతుంది, దాంతో రెండు నెలలకోసారి రెండు పైపులూ తోమండి. ఇంపెల్లర్ (పంపులో తిరిగే రెక్కల చక్రం) తీసి, అది కూర్చునే గుంత కూడా తుడవండి. ఫిల్టర్ లోపల ముందు ముతక స్పాంజీ, తర్వాత రింగులు చాలు. సన్నటి తెల్ల దూది కుక్కి ఉంటే తీసెయ్యండి, వారం రోజుల్లో అది గోడలా మారుతుంది. కార్బన్ అవసరం లేదు. రింగులను కొళాయి కింద కడగొద్దు, ట్యాంకులోంచి తీసిన నీళ్లలో ముంచి ఆడించండి. క్లోరిన్ తగిలితే అందులో అమోనియాను విరగ్గొట్టే బాక్టీరియా పోతుంది, ఆ వెంటనే అమోనియా పెరుగుతుంది, దాని వెనకే ఇంకో రకం నాచు.

ఇక నీళ్లు పంచే పని. ఇప్పుడు మీ పైపు ఒకే నోటితో ఎడమ వైపు అనుబియాస్ మీదికి కొడుతోంది, రాళ్లకు తగిలి అక్కడే ఆగిపోతోంది. దాని బదులు వెనక అద్దం పొడవునా స్ప్రే బార్, అంటే వరసగా రంధ్రాలున్న పైపు, పెట్టండి. రాణిగంజ్‌లో పైపులు అమ్మే ఏ దుకాణంలోనైనా అడగండి, లోపలి వ్యాసం 12 మి.మీ. ఉన్న గట్టి పైపు, ఒక కొసకు బిరడా కావాలి. పొడవు 80 సెం.మీ. రంధ్రాల లెక్కలోనే చాలామంది దెబ్బతింటారు. రంధ్రాలన్నిటి వైశాల్యం కలిపితే పైపు లోపలి వైశాల్యానికి మించకూడదు. 12 మి.మీ. పైపుకి అది సుమారు 113 చదరపు మి.మీ. 3 మి.మీ. డ్రిల్ బిట్‌తో వేసిన ఒక్కో రంధ్రం 7 చదరపు మి.మీ., అంటే 16 రంధ్రాలు, 5 సెం.మీ.కి ఒకటి. 4 మి.మీ. బిట్ వాడితే 9 రంధ్రాలే వెయ్యాలి. 5 మి.మీ. రంధ్రాలు పాతిక వేసేసి, ధార రావట్లేదని పెద్ద పంపు కొనడం దండగ. వేసిన రంధ్రాల చుట్టూ గీరు లేకుండా సన్న గరుకు కాగితంతో రుద్దండి.

బార్ నీటి మట్టానికి 2, 3 సెం.మీ. కింద ఉండాలి, రంధ్రాలు ముందు అద్దం వైపు, కొంచెం పైకి. అప్పుడు నీళ్లు పైన ముందుకి పోయి, ముందు అద్దానికి తగిలి కిందికి దిగి, మట్టి మీదుగా మొక్కల కాళ్ల మధ్య నుంచి వెనక్కి వస్తాయి. ట్యాంక్ పొడవునా ఒకే సుడి. నీళ్లు లాగే పైపును ఇప్పుడు జిగురు పొర ఉన్న కుడి వెనక మూలకు మార్చండి. దానికి ముతక స్పాంజీ తొడిగి వారానికోసారి పిండుతూ ఉండండి.

సరిగ్గా తిరుగుతోందో లేదో కంటికి కనబడేలా చూసుకోవచ్చు. గదిలో లైటు ఆపి, సీఓటూ నడుస్తుండగా, టార్చిని ట్యాంక్ పక్క అద్దం నుంచి వెయ్యండి. సన్నటి బుడగలు దుమ్ములా మెరుస్తాయి. ముందు అద్దం దగ్గర అవి కిందికి దిగుతూ కనిపించాలి, మట్టి దగ్గరికొచ్చేసరికి వెనక్కి మళ్లాలి. ఎక్కడైనా బుడగలు నిటారుగా పైకే పోతున్నాయంటే అక్కడ ప్రవాహం లేదు. ఎదురుగా పెద్ద రాయో, గుబురుగా పెరిగిన రోటాలా పొదో ఉంటుంది. మొక్కలు ట్యాంకులో మూడొంతులు నిండాక ఇది తప్పదు. కత్తిరించడం కూడా ప్రవాహం పనే అనుకోండి, అందంకోసం చేసేది మాత్రమే కాదు.

నీటి పైభాగం అలలుగా కదలాలి, చప్పుడు మాత్రం రాకూడదు. బుడబుడమని శబ్దం వస్తే సీఓటూ గాలిలోకి పోతున్నట్టు. అసలు కదలకపోతే పైన నూనె తెట్టులాంటి పొర కడుతుంది, రాత్రిపూట చేపలకు ఆక్సిజన్ చాలదు. హైదరాబాద్ ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. 25 డిగ్రీల దగ్గర నీళ్లలో లీటరుకి 8 మి.గ్రా. పైన ఆక్సిజన్ పడుతుంది, 32 డిగ్రీలకు అది దాదాపు 7.3కి దిగుతుంది. వేడికి చేపలూ బాక్టీరియా ఎక్కువ ఆక్సిజన్ వాడతాయి కూడా. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంక్ మూత తీసి, నీటి మీదుగా చిన్న ఫ్యాన్ తిప్పితే 2 నుంచి 4 డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన నీటికి బదులు ఆర్ఓ నీళ్లే పొయ్యండి. బోరు నీళ్లు పోస్తూ పోతే ఉప్పులు ట్యాంకులోనే మిగిలి రోజురోజుకీ పెరుగుతాయి.

సీఓటూ విషయానికొస్తే, నల్ల కుచ్చులకు అసలు మందు ఇదే. బుడగలు లెక్కపెట్టడం కొలత కాదు, బుడగలు లెక్కపెట్టే ఒక్కో కౌంటర్‌లో బుడగ సైజు ఒక్కోలా ఉంటుంది. ట్యాంక్ నీళ్లు ఒక గ్లాసులో తీసి, గాలి పట్టేలా ఒక రోజు ఉంచి పీహెచ్ కొలవండి. ట్యాంకులో లైటు వెలిగే సమయానికి పీహెచ్ అంతకన్నా 1 తక్కువ ఉండాలి. ఉదాహరణకు గ్లాసులో 7.8 ఉంటే ట్యాంకులో 6.8. పీహెచ్ 1 తగ్గితే సీఓటూ పది రెట్లయినట్టు. ముఖ్యమేమిటంటే లైటు వెలిగినప్పుడు, మూడు గంటల తర్వాత, సీఓటూ ఆపే ముందు, ఇలా మూడుసార్లు కొలిస్తే ఇంచుమించు అదే అంకె రావాలి. డ్రాప్ చెకర్ (సీఓటూని బట్టి రంగు మారే ద్రావణం ఉన్న చిన్న గాజు బుడ్డి) పెట్టుకోండి, 4 డిగ్రీల కేహెచ్ (కార్బొనేట్ కాఠిన్యం) ద్రావణంతో లేత నిమ్మపండు ఆకుపచ్చ వస్తే 30 పీపీఎం దగ్గర ఉన్నట్టు. కానీ అది గంట, రెండు గంటలు ఆలస్యంగా రంగు మారుతుంది, పొద్దున సెట్టింగుకి దాన్ని నమ్ముకోలేం.

లైటు 10 గంటల నుంచి 6 గంటలకు తగ్గించండి, ఈరోజే. మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 9 దాకా పెట్టుకుంటే, సీఓటూ 1 గంటకు మొదలై 8 గంటలకు ఆగాలి. సీఓటూని సన్న బుడగలుగా చేసే డిఫ్యూజర్‌ను ముందు అద్దం దగ్గర కింద పెడితే దిగే ప్రవాహం బుడగలను పట్టుకుని మట్టి మీదుగా తీసుకెళ్తుంది. చూడ్డానికి బాగోదనుకుంటే ఫిల్టర్ నుంచి తిరిగొచ్చే పైపులో అమర్చే ఇన్‌లైన్ రకం మేలు. సీఓటూ పెంచి పీహెచ్ తగ్గించేటప్పుడు రోజుకు కొంచెం చొప్పున, ఇంట్లో ఉన్న రోజున చెయ్యండి. చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే వెంటనే సీఓటూ ఆపి, బార్‌ను పైకెత్తి నీళ్లు చిమ్మేలా చెయ్యాలి, సగం నీళ్లు మార్చాలి.

ఒక జాగ్రత్త ఇక్కడే. సొలినాయిడ్ (కరెంటుతో సీఓటూని వదిలే, ఆపే వాల్వ్), ఫిల్టర్ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఉండాలి. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో సొలినాయిడ్ ఇన్వర్టర్ ప్లగ్గులో, ఫిల్టర్ మామూలు ప్లగ్గులో ఉంటే, కరెంటు పోయిన మధ్యాహ్నం నీళ్లు ఆగిపోయి సీఓటూ మాత్రం వస్తూనే ఉంటుంది. సాయంత్రానికి చేపలు ఉండవు. కరెంటు నాలుగైదు గంటలకు మించి పోతే, వచ్చాక కానిస్టర్ తెరిచి లోపలి నీళ్లు పారబోసి కడిగాకే తిప్పండి. లోపల ఆక్సిజన్ లేక కుళ్లిన నీళ్లు నేరుగా ట్యాంకులోకి రాకూడదు.

నీళ్ల సంగతి. మునిసిపల్ నీళ్లకీ బోరు నీళ్లకీ నేల, ఆకాశం తేడా. ఒక వారం ఇవి, ఒక వారం అవి పోస్తే కేహెచ్, పీహెచ్ ఊగుతాయి, మీరు పెట్టిన సీఓటూ లెక్క ప్రతిసారీ తప్పుతుంది. ఒకటే ఎంచుకోండి. నేనైతే మునిసిపల్ నీళ్లే అంటాను. బోరు తప్పకపోతే ఆర్ఓ నీళ్లు సగానికి సగం కలిపి, ప్రతిసారీ టీడీఎస్ మీటర్‌తో (కరిగిన లవణాలను కొలిచేది) అదే అంకెకు తెచ్చుకోండి. బోరు నీళ్లకు నైట్రేట్ పరీక్ష కూడా చెయ్యండి. మన నగరం కింద భూగర్భ జలాల్లో మురుగు ఇంకి నైట్రేట్ ఎక్కువగా ఉన్న చోట్లు చాలానే ఉన్నాయి. అలాంటి నీళ్లకు నైట్రేట్ ఎరువు వెయ్యక్కర్లేదు.

మునిసిపల్ నీళ్లకు క్లోరిన్ విరుగుడు తప్పనిసరి. హైపో స్ఫటికాలు, అంటే సోడియం థయోసల్ఫేట్, 10 గ్రాములు 100 మి.లీ. ఆర్ఓ నీళ్లలో కరిగించి సీసాలో పెట్టుకోండి. 10 లీటర్లకు 1 మి.లీ. సరిపోతుంది. గొట్టంతో నేరుగా ట్యాంకులోకి నింపేట్టయితే మార్చిన నీళ్లకు కాదు, మొత్తం ట్యాంకుకి లెక్కేసి 15 మి.లీ. ముందే పొయ్యాలి. వేసవిలో డాబా మీది ప్లాస్టిక్ ట్యాంక్ నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోతాయి, పొద్దున్నే మార్చుకోండి. వారానికి ఒకసారి సగం నీళ్లు, మూడు వారాల పాటు మానకుండా.

జిగురు పొర ఉన్నచోట ఎరువు మానెయ్యడం చాలామంది చేసే పొరపాటు. నైట్రేట్ సున్నాకి పడితే అది ఇంకా బలిసిపోతుంది. 10 నుంచి 20 పీపీఎం ఉండాలి. డ్రిప్ ఎరువులు అమ్మే షాపులో 13-0-45 అని అడిగితే ఇచ్చేది పొటాషియం నైట్రేట్. 150 లీటర్లకు 2.5 గ్రాములు వేస్తే నైట్రేట్ 10 పీపీఎం పెరుగుతుంది. 0-52-34 అనేది మోనో పొటాషియం ఫాస్ఫేట్, పావు గ్రాము వేస్తే ఫాస్ఫేట్ 1 పీపీఎం పైన పెరుగుతుంది. వారానికి రెండుసార్లు ఇవి, మధ్య రోజుల్లో సూక్ష్మపోషకాల ద్రావణం. 19-19-19 మాత్రం దగ్గరికి రానివ్వద్దు, అందులో అమోనియా, యూరియా రూపంలో నత్రజని ఉంటుంది. చేపలకు విషం, నాచుకు విందు.

ఇప్పుడు ఉన్న నాచును తియ్యడం. జిగురు పొరను సన్న పైపుతో నీళ్లతో పాటు లాగెయ్యండి, అది చాపలా చుట్టుకుని వచ్చేస్తుంది. ఆ మూలలో మట్టి పైభాగం కూడా ఒక సెం.మీ. పీల్చెయ్యండి. పక్క అద్దంలోంచి మట్టి పొరలోకి కిటికీ వెలుతురు పడుతుంటే, మట్టి ఎత్తు వరకు బయట నల్ల టేపు అంటించండి. ఆ తర్వాతా తిరిగొస్తే 3 రోజులు లైటు ఆపి, సీఓటూ కూడా ఆపి, ట్యాంకును దుప్పటితో కప్పండి, చివరిరోజు సగం నీళ్లు మార్చండి. దీనికి యాంటీబయాటిక్ వాడమని చెప్పేవాళ్లున్నారు, వద్దు. ప్రవాహం సరిచెయ్యకుండా వేస్తే నెలలో మళ్లీ వస్తుంది, మందు కలిసిన నీళ్లు డ్రైనేజీలోకి పోతాయి.

నల్ల కుచ్చులు పట్టిన ముసలి ఆకులను మొదటికంటా కత్తిరించండి, అవి కోలుకోవు. పైపును బయటికి తీసి తోమండి. అనుబియాస్ రాయితో సహా బయటికి తీసి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను బ్రష్‌తో కుచ్చుల మీద పూసి, 3 నుంచి 5 నిమిషాలాగి కడిగి పెట్టెయ్యండి. మందుల షాపులో దొరికేది సాధారణంగా 20 వాల్యూమ్, అంటే 6 శాతం. లేబుల్ చూసి, అంతే ఆర్ఓ నీళ్లు కలిపితే 3 శాతమవుతుంది. తియ్యలేని వాటికి ఫిల్టర్ ఆపి, సిరంజితో కుచ్చుల మీదే నెమ్మదిగా వదిలి, 10 నిమిషాల తర్వాత ఫిల్టర్ వెయ్యండి. 150 లీటర్లకు రోజుకు 40 మి.లీ. దాటొద్దు. మాస్, వాలిస్నేరియా, రొయ్యలు ఉన్నచోట దీనికి దూరంగా ఉండండి. రెండు మూడు రోజుల్లో కుచ్చులు వైన్ రంగుకి, తర్వాత తెల్లగా మారతాయి, అప్పుడు సయామీస్ ఆల్గే ఈటర్ చేపలు కొరుక్కుతింటాయి. బతికున్న నల్ల కుచ్చును చాలా చేపలు ముట్టుకోవు, నాచు తినే చేపలు కొని తెచ్చి వదిలితే సరిపోతుందనుకోవద్దు.

పాత ఆకులు చూసి ఫలితం అంచనా వెయ్యకండి. మూడు వారాల తర్వాత కొత్తగా వచ్చిన ఆకుల అంచులు శుభ్రంగా ఉన్నాయా, అదొక్కటే చూడండి. శుభ్రంగా ఉంటే లైటును వారానికి అరగంట చొప్పున 8 గంటల దాకా పెంచుకోవచ్చు. అద్దం మీద గట్టి ఆకుపచ్చ చుక్కలు మొదలైతే ఫాస్ఫేట్ చాలట్లేదు, లేదా లైటు ఎక్కువైంది.

ఇంత చేశాక కూడా టార్చి పరీక్షలో ఒక మూల బుడగలు నిటారుగా పోతుంటే, అప్పుడు వేవ్ మేకర్ సంగతి ఆలోచించండి. గంటకు 1,500 నుంచి 2,000 లీటర్ల చిన్నది చాలు, వేగం తగ్గించే నియంత్రణ ఉండాలి. దాన్ని వెనక అద్దానికే, స్ప్రే బార్ కిందుగా, అదే దిశలో ముందుకి తోసేలా అమర్చండి. పక్క గోడకు పెట్టి బార్‌కి అడ్డంగా కొట్టిస్తే రెండు ప్రవాహాలు ఢీకొని, ఇప్పుడున్న మూల పోయి ట్యాంక్ మధ్యలో కొత్తగా కదలని చోటు తయారవుతుంది.